వెనక తలుపు

మా బావమరిది గొంతు మూడు వీధులకు వినబడుతుంది. అందులో వాడి గొప్పేమీ లేదు. వాడు కండక్టరుగా పనిచేసిన బస్సులో బెల్లు తాడు ఎప్పుడో తెగింది. డిపోవాళ్ళు మళ్ళీ కట్టలేదు. తాడు చేయాల్సిన పని వాడి నోరు చేసింది. వెనక తలుపు దగ్గర నిలబడి, దిగేవాళ్ళు దిగాక, ఎక్కేవాళ్ళు ఎక్కాక, "రై...ట్" అనేవాడు. ముందు సాగదీసి, చివర్లో కత్తెరతో తెంపినట్టు. ఆ మాట చెవిన పడగానే ముందున్న డ్రైవరు కాలు క్లచ్ మీద నుంచి లేచేది. వాళ్ళిద్దరూ ఏళ్ళ తరబడి ఒకే బస్సు మీద పనిచేశారు. నోరు వెనకా కాలు ముందూ ఉన్న ఒకే మనిషిలా నడిపించారు ఆ బస్సుని.

మా వీధి పిల్లలు వాణ్ణి రైట్ మామ అనేవాళ్ళు. వాడి మీద జోకులెయ్యడం నా భార్యకు సరదా. సొంత తమ్ముడు గదా, హక్కుంది.

"నిద్దట్లో కూడా రైట్ అంటాడంట. మా మరదలు మంచం కదుల్తుందేమోనని పట్టుకుని పడుకుంటుందంట" అనేది.

"ఊరుకో అక్కా, పిల్లల ముందర."

"ఏం, అబద్ధమా? నువ్వంటావో అనవో నీకేం తెలుసు? నిద్రపోయేవాడివి నువ్వు, వినేది అది."

వాడు నవ్వేవాడు. నాకు నవ్వొచ్చేది కాదు. వాడంటే నాకు మొదటి నుంచీ పడదు. నోరున్నవాళ్ళంటేనే నాకు పడదు.

అంటుజబ్బు వచ్చింది. ఊరు ఊరంతా బస్సుని వదిలేసింది.

నేనూ నా భార్యా పెద్దాసుపత్రి బట్టలుతికే విభాగంలో పనిచేసేవాళ్ళం. నేలకింది గది. కిటికీ లేదు. పైనుంచి గొట్టంలోంచి సంచులు పడేవి. వాటిని విప్పి దుప్పట్లు డ్రమ్ముల్లో వేయడం నా పని. ఆరినవాటిని మడతపెట్టడం, చిరిగినవాటిని కుట్టడం ఆమె పని. ఏ వార్డు దుప్పటి ఆ వార్డుకు చేరాలని ప్రతి దుప్పటి మూలా ఎర్ర దారంతో గుర్తు కుట్టేది. అందరూ ఇళ్ళలో కూర్చోవచ్చుగానీ మేం కూర్చోవడానికి లేదు. ఆ రోజుల్లో సంచులు ఆగకుండా పడేవి.

పనికి ఎలా వస్తారో మీరే చూసుకోండి అన్నారు పైవాళ్ళు. డాక్టర్లకూ నర్సులకూ వ్యాను పెట్టారు. బట్టలుతికేవాళ్ళను అందులో ఎక్కనివ్వలేదు. ఇస్త్రీ చేసేవాడు పాత మోటారు సైకిలు కొన్నాడు. నెరిసిన జుట్టుతో నడపడం నేర్చుకున్నాడు, పడ్డాడు, చేతికి కట్టుతో వచ్చి ఒంటి చేత్తో ఇస్త్రీ చేశాడు. ఒకడు అటక మీద నుంచి సైకిలు దింపి తుప్పు గీకాడు. ఒకడు నడిచాడు. మడతల బల్ల దగ్గర నా భార్య పక్కనే నిలబడే మనిషికి స్కూటరుంది. మా వీధి మీదుగానే వస్తుంది.

"వెనకాల ఎవర్నీ ఎక్కించుకోవట్లేదక్కా, ఏమనుకోకు. ఇంట్లో పసిపిల్ల ఉంది" అంది.

"ఏమనుకుంటానే. రోజంతా నా మోచెయ్యి నీకు తగుల్తానే ఉంటుంది. స్కూటరెక్కితేనే అంటుకుంటుంది కాబోలు" అంది నా భార్య. నవ్వుతూనే అంది. ఆ మనిషి బల్ల అవతలి కొసకు మారింది.

మా అమ్మాయి ఊరికి ఆ చివర మందుల షాపులో పనిచేస్తుంది. అదీ ఒక పాత స్కూటరు కొనుక్కుంది. "ముందు నిన్ను దింపి తర్వాత నేను పోతానమ్మా" అంది.

"నీ షాపు తూర్పున, నా ఆసుపత్రి పడమట. నన్ను దింపి నువ్వెళ్ళేసరికి షాపు మూసేస్తారు. పైగా ఈ మోకాలు నీ స్కూటరు మీద ముడవదు. నా తమ్ముడి బస్సుండగా నాకీ గుర్రపుస్వారీ ఎందుకు?"

"అది మామయ్య బస్సు కాదిప్పుడు. కండక్టర్లని తీసేశారుగా."

"బస్సు వాడిదే. వాణ్ణి దింపారంతే."

ఆ మాట నిజం. టిక్కెట్లు చేతులు మారితే జబ్బు మారుతుందని కండక్టర్లను దింపేశారు. పనిలోంచి తీయలేదు. డిపోలో మందు డబ్బాలిచ్చి బస్సులు కడగమన్నారు. బస్సులో డ్రైవరు ఒక్కడే మిగిలాడు. అతని సీటు చుట్టూ ప్లాస్టిక్ తెర కట్టారు. అంతకుముందు వెనక తలుపులో ఎక్కి ముందు తలుపులో దిగేవాళ్ళం. ఇప్పుడు తిరగేశారు. టిక్కెట్టు డ్రైవరు చూడాలి కాబట్టి ముందు తలుపులో ఎక్కాలి, వెనక తలుపులో దిగాలి. సీటు విడిచి సీటు మీద పెద్ద ఎర్ర అడ్డగీతలు అంటించారు. గీత లేని సీట్లు నిండితే బస్సు ఏ స్టాపులోనూ ఆగదు.

జబ్బుకు ముందు ఆ బస్సులో అన్ని రకాల మనుషులూ కనబడేవాళ్ళు. మెడలో కార్డులు వేసుకున్నవాళ్ళు, పుస్తకాల సంచులవాళ్ళు, పెళ్ళికెళ్ళేవాళ్ళు. ఇప్పుడు ఊడ్చేవాళ్ళు, కాపలావాళ్ళు, మేము. అంతే. వేరే దారి ఉన్న ప్రతివాడూ దిగిపోయాడు. దిగిపోయి, బస్సులో వెళ్ళేవాళ్ళను చూసి దూరం జరిగేవాడు. మా పై వాటాలో ఉండేవాడు మేం మెట్ల మీదుంటే పైనే ఆగేవాడు.

"మా వెనకాలే జబ్బు కూడా టిక్కెట్టు కొనుక్కుని దిగుతుందనుకుంటున్నాడు" అనేది నా భార్య.

డ్రైవరు చుట్టూ కట్టిన ఆ తెర గురించి చెప్పాలి. కట్టిన కొత్తలో అద్దంలా ఉండేది. డిపోలో రోజూ మందు కొట్టి గరుకు గుడ్డతో తుడిచారు. కొన్నాళ్ళకే గీతలు పడి పాలు పోసినట్టు తెల్లబడింది. అవతల మనిషి ఉన్నాడంటే ఉన్నాడు, లేడంటే లేడు. మార్చమని డ్రైవరు అడిగాడట. రాసుకుంటాం అన్నారట. తుడిచినవాళ్ళలో మా బావమరిదీ ఉన్నాడు.

వాడు డిపోకు వెళ్ళడం కూడా తన పాత బస్సులోనే. వేరే బస్సెక్కేవాడు కాదు. వెనక తలుపు పక్కన ఒంటరిగా ఉండే కండక్టరు సీట్లో కూర్చునేవాడు. ఆ సీటు మీద ఎర్ర గీత వేయడం ఎవరికీ గుర్తురాలేదు.

ఆ రోజు పొద్దున మా స్టాపులో జనం ఎక్కువ. ముందు బస్సు నిండి ఆగకుండా పోయింది. వెనకే వచ్చిన మా బావమరిది బస్సు స్టాపు దాటి కొంచెం ముందుకెళ్ళి ఆగింది. అందరూ అటు పరిగెత్తారు.

"నువ్వెళ్ళి సీటు ఆపు. నా మోకాలు దాని తీరికను బట్టి వస్తుంది" అంది నా భార్య.

నేనెక్కాను. గీత లేని సీటు ఒకటి పట్టుకుని అన్నం సంచి పెట్టాను. ఇంకొకటి వెనక కనబడింది. దాని మీద నా తువ్వాలు వేశాను. వెనక తలుపులో ఒక కాపలా మనిషి సంచితో దిగాడు. నేను ముందుకు తిరిగాను. అందరికంటే చివర నా భార్య. ఒక కాలు మెట్టు మీద పెట్టింది. ఒక చేత్తో కడ్డీ పట్టుకుంది. చేతికి ఆసుపత్రివాళ్ళిచ్చిన రబ్బరు తొడుగు. నన్ను చూసింది. సీటు దొరికిందా అన్నట్టు గడ్డం ఎగరేసింది.

"రై...ట్."

బస్సు ముందుకు దూకింది. రబ్బరు తొడుగు కడ్డీ మీద జారింది. ఆమె వెనక్కి పడింది. కాలిబాట అంచు రాయి తలకు తగిలింది. ఆ చప్పుడు బస్సు లోపలికి వినబడింది.

అందరికంటే ముందు దూకింది మా బావమరిదే. వెనక తలుపులోంచి. "అక్కా, అక్కా" అంటూ ఒళ్ళోకి తీసుకున్నాడు. జబ్బన్నాడా, దూరమన్నాడా, ఏమీ చూసుకోలేదు. డ్రైవరు తెర చింపుకుని దిగాడు.

"రైట్ అన్నారు" అన్నాడు. "నాకు రైట్ వినబడింది. వినబడితేనే కదిలించాను."

"ఎవరన్నారు?" అని ఎవరో అడిగారు.

డ్రైవరు నేల మీదున్న వాళ్ళిద్దరి వైపూ చూశాడు. నోరు మూసుకున్నాడు.

ఆసుపత్రిలో మంచం లేదు. నడవాలో చక్రాల బల్ల మీద ఉంచారు. ఏ డాక్టరూ తీరిగ్గా లేడు. ఆ గోడ కింద, ఆ నేల కింద, మా గదిలో డ్రమ్ములు తిరుగుతున్న చప్పుడు కాళ్ళకు తెలుస్తూనే ఉంది. సాయంత్రం అవకముందే పోయింది. మొహం మీదికి దుప్పటి లాగారు. మూల ఎర్ర దారం గుర్తుంది. పిల్లల వార్డుది. ఆ రోజు ఏ దుప్పటి ఎక్కడికి పోతోందో చూసేవాళ్ళు లేరు.

జబ్బుతో పోలేదని నాకు తెలుసు. అయినా జబ్బుతో పోయినవాళ్ళలాగే సాగనంపారు. నేను, మా అమ్మాయి, మా బావమరిది. అంతే రానిచ్చారు. వాడు పడిపోతుంటే మా అమ్మాయి పట్టుకుంది. నన్నెవరూ పట్టుకోలేదు. నేను పడలేదు.

డ్రైవరును వెంటనే పనిలోంచి ఆపేశారు. కేసు పెట్టారు. మనిషి ఎక్కకముందే బండి కదిలించాడని. జైలు తప్పదన్నారు. రైట్ అన్నారు, రైట్ అన్నారు అని అతను ఒకే మాట మీద ఉన్నాడు. కండక్టరే లేని బస్సులో రైట్ ఎవరంటారని పోలీసులు. బస్సులో ఉన్నవాళ్ళనడిగితే, ఏదో వినబడింది, ఎవరన్నారో తెలీదు, అందరి మూతులకూ గుడ్డలే కదా అన్నారు. అది నిజం. నోళ్ళు కనబడని రోజులవి.

నాకు నోరు కనబడక్కర్లేదు.

డ్రైవరు ఒకసారి మా ఇంటికొచ్చాడు. లోపలికి రాలేదు. గేటవతలే నిలబడ్డాడు.

"అన్నా, నేను చేతులు జోడించడానికి రాలేదు. ఏ మొహంతో జోడిస్తాను? ఒక్క మాట చెప్పిపోదామని వచ్చాను."

"చెప్పు."

"ఆ గొంతు ఎవరిదో నాకు తెలుసు. నీకూ తెలుసు. నేను మాత్రం చెప్పను. వాడు నాకు తమ్ముడికంటే ఎక్కువ. అక్కను పోగొట్టుకున్నవాడి నెత్తిన ఇది కూడా పెట్టలేను."

"నీకు కళ్ళు లేవా?" అన్నాను.

"తెర అన్నా. తెల్లగా..."

"తెర అడ్డముంటే తల బయటపెట్టి చూడాలి."

తల దించుకున్నాడు. "చూడాలి" అన్నాడు. వెళ్ళిపోయాడు. చెప్పనంటూ చెప్పిపోయాడు. మంచివాడినిపించుకోవాలని కొందరికి ఎంత ఆశో.

తర్వాత మా బావమరిది వచ్చాడు. వాడు ఇంట్లోకే వస్తాడు. వాళ్ళక్క కూర్చునే చోట కూర్చున్నాడు. చిక్కిపోయాడు. మా అమ్మాయి వాడికి మంచినీళ్ళిచ్చి పక్కనే నిలబడింది. చిన్నప్పుడు దాన్ని బడికి తీసుకెళ్ళిందీ, బస్సులో ముందు సీటు ఇప్పించిందీ వాడే. దానికి వాడంటే ప్రాణం.

"బావా, వాడు నా పేరు చెప్తాడంటున్నారు."

"చెప్పాడా?"

"ఇంకా లేదు. చెప్తే? నేననలేదు బావా. ఎందుకంటాను? ఎక్కుతున్నది మా అక్క. నేను చూస్తూ చూస్తూ అంటానా?"

"చూశావా?"

ఆగాడు. "నేను వెనకున్నాను కదా. వెనక దిగేవాణ్ణి చూస్తున్నాను."

"మరి?"

"అక్క మీద ఒట్టు బావా. నేననలేదు."

మా అమ్మాయి ఏడ్చింది. "నాన్నా, ఇంకేం కావాలి నీకు? ఆ డ్రైవరు తన తప్పు కప్పుకోవడానికి లేని గొంతు పుట్టించాడు. మామయ్యను ఎందుకిలా గుచ్చుతావు?"

చచ్చిపోయిన మనిషి మీద ఒట్టు వేస్తే ఎవరికీ ఏమీ కాదు. బతికున్న పిల్లల మీద వేయలేదు వాడు. వాడికీ ఇద్దరున్నారు.

నేను వెళ్ళి ఫలానావాడన్నాడని చెప్పొచ్చు. ఏమవుతుంది? నాది ఒక మాట, వాడిది ఒక మాట. నాకూ వాడికీ పడదని వీధి వీధంతా చెబుతుంది. నా కూతురే చెబుతుంది. ఆ మాట వాడి నోట్లోంచే రావాలి. మళ్ళీ రావాలి. అందరూ వినాలి.

విచారణ డిపోలో పెట్టారు. ఆరుబయట, దూరం దూరంగా కుర్చీలు. చుట్టూ తిరగని బస్సులు వరసలుగా నిలబెట్టి ఉన్నాయి. టైర్లలో గాలి దిగిపోయి కూలబడ్డాయి. చక్రాల మధ్య గడ్డి మోకాలెత్తు పెరిగింది. ఎక్కేవాళ్ళు లేరని మా రూటులో సగం బస్సుల్ని అక్కడే పడేశారు.

విచారణకు వచ్చినావిడ నెమ్మదస్తురాలు. ఎవరిమీదా అరవలేదు. డ్రైవరు తన మాటే మళ్ళీ చెప్పాడు. ఎవరి గొంతు అని ఆవిడ అడిగితే, "చెప్పలేనమ్మా" అన్నాడు. తెలీదు అనలేదు. ఆవిడ ఆ తేడా పట్టుకుని కాసేపు అతన్నే చూసింది. తర్వాత నన్నడిగింది, మీరేమైనా చెబుతారా అని.

"చెప్పడానికేముందమ్మా. మీరొకసారి బస్సెక్కి చూడండి" అన్నాను. "ఆ తెరలోంచి డ్రైవరుకు ఎంత కనబడుతుందో మీకే తెలుస్తుంది. ఆ రోజు ఎవరెక్కడున్నారో వాళ్ళని అక్కడే ఉంచండి."

డ్రైవరు నా వైపు కృతజ్ఞతగా చూశాడు. తన కోసం అడిగాననుకున్నాడు. మా బావమరిది కూడా లేచాడు. తెర సంగతే కదా అనుకున్నాడేమో.

అదే బస్సు. చింపిన తెరను టేపుతో అతికించారు. డ్రైవరు తన సీట్లో కూర్చున్నాడు. "ఇంజను వేయొద్దు" అందావిడ. ఆవిడ డ్రైవరు వెనక నిలబడింది. మా బావమరిది వెనక, తన సీట్లో. నేను నడుమ, ఆ రోజు నిలబడ్డ చోటే. డిపో ఊడ్చేవాణ్ణి పిలిచి వెనక తలుపులో దిగమన్నారు. ముందు తలుపులో ఎక్కడానికి ఒక మనిషి కావాలన్నారు.

"నేనెక్కుతాను" అంది మా అమ్మాయి.

"చేతికి తొడుగు వేసుకో" అన్నాను.

మొదటిసారి ఏమీ కాలేదు. ఊడ్చేవాడు దిగాడు. మా అమ్మాయి ఎక్కింది. మా బావమరిది చేతులు కట్టుకుని కూర్చున్నాడు, ఫొటోకు కూర్చున్నట్టు. ఆవిడ తెరలోంచి చూసి తల ఊపింది. "నీడలా కనబడుతోంది" అంది. రెండోసారి ఎక్కమంది, పక్కనుంచి చూస్తానని. ఏమీ కాలేదు. చాలు అంటుందని నాకు భయమేసింది.

"ఇంకొక్కసారి చూడండమ్మా. ఆ రోజు దిగినవాడు కాళ్ళూ చేతులూ ఊపుకుంటూ దిగలేదు, సంచి ఉంది" అన్నాను.

ఊడ్చేవాడు విసుక్కుంటూ తన బకెట్టు తీసుకున్నాడు. "పొద్దున్నుంచి ఎక్కుడూ దిగుడే నా పనైంది. జీతం పెంచుతారా ఏంది?" అనుకుంటూ వెనక మెట్టు దిగబోయాడు. బకెట్టు తలుపుకు తట్టుకుంది. తడబడ్డాడు.

మా బావమరిది కట్టుకున్న చేతులు విడిపోయాయి. సీట్లోంచి సగం లేచాడు. "చూసుకో, చూసుకో. బకెట్టు ముందు దించు. ఆ, కాలు పెట్టు. నెమ్మదిగా" అన్నాడు. ఊడ్చేవాడు నేల మీద నిలబడ్డాడు. బకెట్టు దించుకున్నాడు. మెట్టు ఖాళీ అయింది. మా బావమరిది తల బయటపెట్టి వెనక్కొకసారి చూశాడు. అరచేత్తో తలుపు రేకు మీద ఒక్కటి చరిచాడు.

"రై...ట్."

ముందు 'ధడ్' మని చప్పుడైంది. డ్రైవరు కాలు క్లచ్ వదిలింది. ఇంజను లేదు కాబట్టి బస్సు కదల్లేదు. మా అమ్మాయి ఒక కాలు మెట్టు మీద పెట్టి ఉంది. ఒక చేత్తో కడ్డీ పట్టుకుని ఉంది.

డ్రైవరు స్టీరింగు మీద తల పెట్టేశాడు.

ఊడ్చేవాడు కింద అలాగే నిలబడిపోయాడు. అందరం వెనక్కి తిరిగి ఉన్నాం. మా బావమరిది మమ్మల్ని చూశాడు. తర్వాత వాడు కూడా వెనక్కి తిరిగి చూశాడు, వాడి వెనకాల ఇంకెవరో ఉన్నట్టు. అక్కడ బస్సు గోడ తప్ప ఏమీ లేదు.

"ఎవరూ?" అన్నాడు. "ఎవరన్నారు?"

నటన కాదది. నాకు తెలుసు. వాడికి నటించేంత తెలివి లేదు.

నెమ్మదిగా వాడి చెయ్యి మూతి గుడ్డ మీదికి వెళ్ళింది. అక్కడే ఉండిపోయింది. సీట్లో కూలబడ్డాడు. మా అమ్మాయి కడ్డీ వదిలి మెట్టు దిగింది. తొడుగు విప్పి నేల మీద పడేసింది. వెనక తలుపు దాకా నడిచి వెళ్ళి వాడి ముందు నిలబడింది. తిట్టలేదు. ఏడవలేదు. చూస్తూ నిలబడింది. వాడు తలెత్తలేదు.

"ఇది కావాలనే చేయించారా?" అంది విచారణ చేసినావిడ నాతో, మెల్లగా.

"మీరు విన్నారు కదమ్మా" అన్నాను.

వాడి ఉద్యోగం పోయింది. కేసు వాడి మీదికి మారింది. ఇంకా నడుస్తోంది. డ్రైవరు మీద కేసు తీసేశారు, తిరిగి పనిలోకి రమ్మన్నారు. వెళ్ళాడు. కానీ బండి కదిలించలేకపోయాడు. ప్రతి స్టాపులోనూ దిగి, బస్సు చుట్టూ తిరిగి, రెండు తలుపులూ చూసి, మళ్ళీ ఎక్కి, మళ్ళీ దిగేవాడట. ఎక్కినవాళ్ళు తిట్టి దిగిపోయేవాళ్ళు. ఇప్పుడు డిపోలో టైర్లకు గాలి కొడుతున్నాడు. ఒకసారి ఆసుపత్రి ముందు ఎదురుపడ్డాడు.

"నువ్వలా చేయకుండా ఉండాల్సిందన్నా. నేను జైలుకెళ్ళేవాణ్ణి. సరిపోయేది" అన్నాడు.

"నాకు సరిపోయేది కాదు" అన్నాను.

మా రూటు ఎత్తేశారు. ఎక్కేవాళ్ళు లేరన్నారు. జబ్బు తగ్గాక కూడా ఎవరూ తిరిగి రాలేదు. స్కూటర్లు కొన్నవాళ్ళు స్కూటర్ల మీదే ఉన్నారు. స్టాపులో రేకుల కప్పు కింద ఎవడో పాత మోటారు సైకిళ్ళు అమ్మకానికి పెట్టాడు. నేను నడిచి వెళ్తాను. మడతల బల్ల దగ్గర నా భార్య చోట ఇంకో మనిషి వచ్చింది. దుప్పట్ల మీద గుర్తు ఇప్పుడు కుట్టరు, సిరాతో ముద్ర వేస్తారు. రెండు ఉతుకులకు పోతుంది.

మా అమ్మాయి షాపు దగ్గరే గది తీసుకుంది. వెళ్ళేరోజు బట్టలు సర్దుకుంటూ అడిగింది.

"నన్నే నిలబెట్టాలా నాన్నా, అమ్మ చోట?"

"నువ్వే ఎక్కుతానన్నావు."

"తొడుగు వేసుకోమన్నావు" అంది. సంచి ముడి వేసుకుని స్కూటరుకు తగిలించుకుంది. వెనకాల ఎక్కమని నన్నడగలేదు. మళ్ళీ రాలేదు.

చలికాలం మొదట్లో ఒక సాయంత్రం మా బావమరిది వచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు, లోపలికి రాలేదు. వాడి గొంతు పోయిందనుకున్నాను మొదట. అంత చిన్నగా మాట్లాడుతున్నాడు. మాట మాటకూ మధ్య ఆగుతున్నాడు, నోట్లోంచి ఏం బయటికొస్తోందో తనే విని చూసుకుంటున్నట్టు. ఇంట్లో కూడా అలాగే ఉంటున్నాడట. పడుకునేముందు మూతికి గుడ్డ కట్టుకుంటున్నాడట. అది కూడా వాడే చెప్పాడు.

"బావా, నువ్వు నమ్మవు. అయినా చెప్తున్నా. నాకు నిజంగా తెలీదు. ఆ రోజూ తెలీదు, డిపోలోనూ తెలీదు. అన్నట్టు నాకే వినబళ్ళేదు."

నమ్మాను. నమ్మకపోవడానికేమీ లేదు. వాళ్ళక్క ఎప్పుడో చెప్పిన మాటే అది.

"నాకు వినబడింది" అన్నాను.

తలుపు వేశాను.